దుప్పటి మడతలో వచ్చిన పంపు

కోరుట్లలో నేను నడిపిన దుకాణంలో పని ఒక్కటే. లారీల, ట్రాక్టర్ల డీజిల్ పంపులు విప్పి, బెంచి మీద బిగించి, ఏ వేగంలో ఎంత ఇంధనం పోస్తున్నాయో గాజు గొట్టాలలో కొలిచి, సరిచేసి పంపడం. కొలిచిన ప్రతిదాన్ని రాసిపెట్టాను. రాయనిదాన్ని కొలిచినట్టు ఎన్నడూ ఒప్పుకోలేదు. దుకాణం మరొకరికి అప్పగించి జగిత్యాలలో స్థిరపడ్డాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా ఆ రోజులలో రాసుకున్నదాన్ని పక్కన పెట్టుకుని రాస్తున్నదే. ఇందులో నేను ఊహించి కలిపింది లేదు. కలపవలసిన అవసరం రాలేదు, జరిగినదే చాలినంత వింతగా ఉంది.

పెగడపల్లిలో ఉండే మా చెల్లెలి కొడుకు, నా మేనల్లుడు, షార్జాలో ఒక గ్యారేజీలో చాలా ఏళ్ళు పనిచేశాడు. అక్కడి కుర్రకారు కార్లకు సూపర్‌చార్జర్లు బిగించడం ఆ గ్యారేజీ వ్యాపారం. యజమాని మనుషులను తగ్గించినప్పుడు వాడు తిరిగి వచ్చాడు. వస్తూ వాడిన సూపర్‌చార్జరు ఒకటి, ఇంధనం చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు కొన్ని సామానులో తెచ్చుకున్నాడు. ఇక్కడ ఒక పాత కారు కొని వాటిని బిగించాడు.

హైదరాబాదులో ఎథనాల్ వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి వాడికి మాట ఇచ్చాడు. వీధిలో తిరిగే మామూలు కారు ఎథనాల్ మీద ఎంత పరుగెత్తగలదో తన కళ్ళకు చూపిస్తే, కోరుట్ల రోడ్డు మీద వాడికి షెడ్డు వేయిస్తానన్నాడు. ఎథనాల్ డ్రమ్ములు తన అనుమతి పత్రాలతో తానే పంపాడు. షెడ్డు వస్తే మా అల్లుడు ఈ నేల మీద ఉంటాడు. రాకపోతే మళ్ళీ ఏజెంటు, మళ్ళీ వీసా. ఆ కారు మోస్తున్న బరువు అది.

సూపర్‌చార్జరు అంటే ఇంజను బెల్టుతో తిరిగే గాలిపంపు. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలికి మించి లోపలికి కుక్కుతుంది. గాలి పెరిగితే దానికి తగ్గ ఇంధనం పెరగాలి. అందులోనూ ఎథనాల్ ఆకలి పెద్దది. పెట్రోలు పది పాళ్ళు చాలే చోట అది పద్నాలుగు, పదిహేను పాళ్ళు అడుగుతుంది. కుక్కిన గాలి ఒత్తిడికి ఎదురుగా ఇంధనాన్ని చిమ్మాలి కనుక పంపు మరింత ఒత్తిడితో తోయాలి. ఒత్తిడి పెరిగిన కొద్దీ ఏ పంపైనా పోసేది తగ్గిపోతుంది. ఇంజను అత్యధికంగా అడిగే క్షణం, పంపు అత్యల్పంగా ఇవ్వగలిగే క్షణం ఒకటే. ఇది డీజిల్‌కైనా ఎథనాల్‌కైనా మారని సంగతి. కారు కొన్నవాళ్ళు గుర్రపు శక్తి ఎంత అని అడుగుతారు గాని, దాని నోట్లో ఎవరు పోస్తున్నారని అడగరు. నాకు ముందునుంచీ కోపం అక్కడే.

పెట్రోలు తక్కువపడితే ఇంజను టకటకమని మొరపెట్టుకుంటుంది. చెవి ఉన్నవాడు కాలు తీస్తాడు. ఎథనాల్ అలా మొరపెట్టుకోదు. అది చల్లగా, నిశ్శబ్దంగా, తీయని వాసనతో కాలుతుంది. కొరత మొదలైన తొలి క్షణాలలో బండి ఇంకా హుషారుగా లాగుతున్నట్టు అనిపిస్తుంది కూడా. ఆ హుషారులోనే పిస్టను తల మైనంలా మెత్తబడుతుంది.

కారు మెదడులో ఏ వేగంలో ఇంజెక్టరు ఎంతసేపు తెరుచుకోవాలో చెప్పే అంకెల పట్టిక ఒకటి ఉంటుంది. దాన్ని వాళ్ళు మ్యాప్ అంటారు. మా అల్లుడి కారుకు ఆ మ్యాప్ రాసినవాడు షార్జాలో వాడితో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి అతనిది. పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసి, అది సాగక గల్ఫ్‌కు వెళ్ళి, కార్ల అంకెలలో ఆరితేరాడు. ఇద్దరూ బావా బావా అనుకునేవారు. కారుతో వచ్చిన పాత ఇంధన పంపు సరిపోదని అతనికీ తెలుసు. పెద్ద పంపు కొని, తన ఇంటికి పంపే కార్గో డబ్బాలో పెట్టి, ఫోనులో మాట రికార్డు చేసి పంపాడు.

ఆ మాట పంపిన కొద్ది రోజులకే అతను గదిలో నిద్రలోంచి లేవలేదు. ముందు శరీరం వచ్చింది. డబ్బా తరువాత వచ్చింది.

అతని మరణపత్రం నేను చదివాను. గుండె ఆగడం వల్ల మరణం అని ఉంది. ఏ మరణంలోనైనా గుండె ఆగుతుంది. నా దుకాణానికి వచ్చిన లారీకి ‘ఇంజను ఆగడం వల్ల బండి ఆగింది’ అని రాసి ఇచ్చి ఉంటే ఆ డ్రైవరు కాగితం నా మొహాన కొట్టేవాడు. మనిషి విషయంలో మాత్రం ఆ కాగితానికి ముద్ర వేసి, పెట్టెతోపాటు పంపుతారు. సంతకం చేసి తీసుకోమంటారు.

అతని దినాలు అయిన తరువాత ఒక ఉదయం మా అల్లుడు నన్ను కారులో కూర్చోబెట్టుకుని జగిత్యాల రోడ్డు మీదికి తీశాడు. ఇంధన ఒత్తిడి చూపే గడియారం లాంటి మీటరు నా మోకాళ్ళకు ఎదురుగా ఉంది. వాడు ఫోను నొక్కాడు. కారు నాలుగు మూలల స్పీకర్లలోంచి ఆ చనిపోయినవాడు మాట్లాడాడు.

“బావా, మ్యాప్ పంపిన. ఏం ముట్టుకోకు. పంపు వెట్టినంకనే పైకి గుంజు, సమజైందా? పంపు నా డబ్బల ఉన్నది, దుప్పటి నడుమ. దుప్పటి అవ్వకని చెప్పు. నువ్వు కప్పుకునేవు మల్ల!” తరువాత ఒక చిన్న నవ్వు. అవ్వ అన్నది వాళ్ళ అమ్మను.

“రోజూ ఇదే పెట్టుకుంటవార?” అని అడిగాను.

“బండి తీసినప్పుడల్ల, మామా. పక్కన కూసున్నట్టుంటది.”

పక్కన కూర్చున్నవాణ్ణి నేను.

వాడు తొక్కాడు. ముందున్న బెల్టు సన్నగా ఈల వేసింది. కారు ఎంత మెత్తగా లేచిందంటే రోడ్డు మా కిందినుంచి ఎవరో లాగేసినట్టు అనిపించింది. అదురు లేదు, మోత లేదు. ఇంజను వేగం నిమిషానికి ఐదువేల చుట్లు చేరుతుండగా ఒత్తిడి ముల్లు వణికింది. ఆ తరువాత, బండి అన్నిటికంటే బలంగా లాగుతున్న ఆ క్షణాన, ముల్లు నెమ్మదిగా కిందికి వాలసాగింది.

“కాలు తియ్!” అని అరిచాను.

వాడు తీశాడు. “ఏంది మామా, గింత మంచిగ పోతుంటె.”

“మంచిగ పోతలేదు. పస్తుండి ఉరుకుతున్నది. గా మ్యాప్ పెద్ద పంపు ఉన్నదనుకొని రాసింది. లేని పంపు మీద లెక్క వెట్టి నడుపుతున్నవు.”

“బావ ఏం ముట్టుకోకన్నడు.”

“పంపు వెట్టినంకనే గుంజమని గూడ అన్నడు. గది ఇనవడదా నీకు?”

మాటను అన్నిసార్లు విన్నవాడికి అందులో ఒక ముక్క మాత్రమే చెవికి మిగిలింది.

నేను అంచనాల మీద నిలబడేవాణ్ణి కాదు. కోరుట్లలో నా దుకాణం తీసుకున్నతని పెరట్లో కారు టాంకులోంచి పాత పంపు తీసి, ఒత్తిడి పెంచుకుంటూ, అది పోసే ఎథనాల్‌ను కొలపాత్రలో పట్టాము. మధ్యాహ్నపు ఎండ. వైరు తగిలి ఒక నిప్పురవ్వ లేచింది. ఏమీ జరగలేదనుకున్నాము. అంతలో ట్రే పక్కనున్న ఎండుగడ్డి తనంతట తాను నల్లబడుతూ, ముడుచుకుంటూ మా వైపు రావడం చూశాను. మంట లేదు, పొగ లేదు. చెయ్యి చాపితే వెంట్రుకలు చుర్రుమన్నాయి. ఎండలో ఎథనాల్ మంట కంటికి దాదాపు ఆనదని చదివాను గాని, కనిపించనిదాన్ని చూడడం అదే మొదటిసారి. బకెట్టు నీళ్ళు కుమ్మరించాము. ఆరిందో లేదో తెలియక చాలాసేపు ఆ నేల దగ్గరే నిలబడ్డాము.

“కనవడని మంటను ఆర్పినమని ఎట్ల చెప్తం మామా?” అన్నాడు వాడు, నవ్వబోయి నవ్వలేక.

కొలత మాత్రం స్పష్టంగా వచ్చింది. పాత పంపుతో ఐదువేలకు మించితే ఇంధనం చాలదు. అలాంటి పెద్ద పంపు ఇక్కడ దొరకదు, ఇక రెండే దారులు. డబ్బాలోని పంపు తెచ్చి బిగించడం, లేదా మ్యాప్‌లో అంకెలు తగ్గించి ఐదువేల దగ్గర ఆపేయడం. మొదటిది చేయాలంటే అతని తల్లి డబ్బా విప్పనివ్వాలి. ఆమె ఎవరినీ విప్పనివ్వడం లేదని మా అల్లుడు చెప్పాడు. రెండవదానికి వాడే ఒప్పుకోలేదు. ఆ అంకెలు తన బావ చేతివి అన్నాడు. చూడగా ఇద్దరిదీ ఒకటే జబ్బు. పోయినవాడి చేతి పనిని చెరపకుండా ఉంచుకుంటే అతను ఇంకా ఆ పనిలోనే ఉన్నట్టు వాళ్ళకు తోస్తోంది.

తంగళ్ళపల్లిలో ఆ ఇంటికి ఇద్దరం వెళ్ళాము. డబ్బా ముందు గదిలో గోడ వారగా ఉంది. అట్టమీద నల్ల మార్కరుతో అతని పేరు, ఊరు. చుట్టూ నైలాను తాడు. తాడు పొడవునా చిన్న చిన్న ముళ్ళు, తెగిన పోగును మగ్గం మీద అతికేవాడు వేసేంత సన్నని ముళ్ళు. వీధి అవతలి షెడ్డులో మగ్గాలు టకటకలాడుతున్నాయి. అతని భార్య గడప దగ్గర చాటలో బీడీలు చుడుతూ ఉంది.

తల్లి నన్ను చూసి, “కూసో అన్నా,” అని, మా అల్లుడితో, “నువ్వెందుకచ్చినవో నాకెర్క. నేను విప్పనియ్య,” అంది.

“అత్తమ్మా, పంపొక్కటే. తీస్కొని మల్ల కట్టేస్త.”

“నువ్వు కడుతవా? వాడు కట్టినట్టు నువ్వు కడుతవా? ఇస్త్రీ బట్టల మూట కట్టరాదు నీకు.”

కోడలు తల ఎత్తకుండా అంది: “నేను చెప్తె ఇనలె. విప్పితె తెలుస్తది గద, ఏం పంపిండో.”

“తెలిసి ఏం జేస్తవ్? విప్పేదాక ఇంక రావాలె వాడు. విప్పితె అచ్చుడు అయిపోతది.”

మా అల్లుడు ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు. గొంతు మొదలైన క్షణాన కరెంటు పోయింది. షెడ్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. అంత మోత తరువాత వచ్చిన ఆ నిశ్శబ్దంలో అతని మాట ఒక్కటే ఆ గదిలో నిలబడింది. ‘దుప్పటి అవ్వకని చెప్పు.’ ఆ చివరి నవ్వు దగ్గర కోడలి చేతిలో ఆకు చిరిగింది.

“మల్లొక్కపారి,” అంది తల్లి. మూడోసారి విన్న తరువాత ఆమె డబ్బా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మా అల్లుడు జేబులోంచి కత్తెర తీశాడు.

“జేబుల వెట్టు గా కత్తెర. వాడేమన్న వడ్లబస్తా కట్టిండా కోసెతందుకు?”

ఒక్కొక్క ముడిని గోటితో వదులు చేసింది. మగ్గాలకు నూలు కండెలు చుట్టిన చేతులు ఆమెవి. విడిన తాడును అరచేతికి చుట్టుకుంటూ పోయింది. మూత లేవగానే లోపలినుంచి ఒక గది వాసన వచ్చింది. సబ్బు, అత్తరు, మూసి ఉంచిన ఏసీ గాలి. మా అల్లుడు చప్పున లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. అది తాను పడుకుని లేచిన గది వాసన అని తరువాత చెప్పాడు.

ఆమె దుప్పటి తీసి ఒడిలో పెట్టుకుని, మడతలోంచి పంపు డబ్బీ తీసి నాకు ఇచ్చింది. “తీస్కపోన్రి. పని గానియ్యిండ్రి.”

పని అయిపోయిందనే నేనూ అనుకున్నాను. అయినా బెంచి ఎక్కించని వస్తువును బండికి బిగించడం నా పద్ధతి కాదు. అదే పెరట్లో, అదే కొలపాత్రలో కొలిచాము. ఒత్తిడి లేనప్పుడు ధార బ్రహ్మాండంగా పడింది. ఒత్తిడి పెంచుతుంటే సన్నబడింది. చివరికి పాత పంపుకంటే తక్కువ పోసింది. మళ్ళీ కొలిచాము. మళ్ళీ అంతే. డబ్బీ మీద అచ్చు అద్దంలా ఉంది, లోపల ఉన్నది నకిలీ సరుకు.

అప్పుడు వచ్చిన కోపం నాకు నేటికీ తగ్గలేదు. ఒక పెట్టెలో పనివాడి శవం, ఒక డబ్బీలో పంపు, రెండింటిమీదా ముద్రలు సరిగానే ఉంటాయి. అమ్మినవాడు ఏ బజారులోనో ఈ రోజు కూడా అవే డబ్బీలు అమ్ముతూ ఉంటాడు. ఈ పంపును కొలవకుండా బిగించి ఉంటే, ఉన్నదన్న ధైర్యంతో వీడు ఏడువేల దాకా తొక్కేవాడు.

“కాదు మామా,” అన్నాడు మా అల్లుడు. “బావ కొన్నది నకిలీ అయితదా? ఆయనకు తెల్వదా?”

“తెలిసినోన్ని గూడ మోసం చేస్తరు. అందుకే అది మోసమైతది. వాని తప్పేం లేదు.”

“మరి ఆయన మ్యాప్?”

“వాడు పంపును నమ్మి రాసిండు. పంపు అబద్ధమని తెలిస్తె వాడే కూసోని మారుస్తుండె. వాడు లేడు. నువ్వున్నవు.”

వాడు లాప్‌టాప్ తెరిచాడు. ఆ రోజు ఫోనులోని గొంతు పెట్టలేదు. తరువాత, తన గొంతుతో తానే ఒక్కొక్క అంకె చదువుకుంటూ మార్చడం మొదలుపెట్టాడు. ఐదువేలకు కొంచెం ముందే ఇంజను ఇక ఎక్కకుండా కట్టు వేశాడు.

హైదరాబాదు పెద్దమనిషి వచ్చాడు. ముందు సీట్లో ఆయన, వెనక నేను. కారు మెత్తగా లేచి, అందంగా లాగి, వేసిన కట్టు దగ్గర మర్యాదగా ఆగింది. ఒత్తిడి ముల్లు కదలలేదు. నా మట్టుకు అంత మంచి పని ఆ రోడ్డు మీద జరగలేదు.

“గింతేనా?” అన్నాడు ఆయన. “ఏం తమ్మీ, దమ్ము అయిపోయిందా దీనికి?”

“పంపు గింతే పోస్తది సార్. అసలు పంపు దొరికినంక ఇంక పైకి పోతది.”

“అసలుది, నకలుది నాకెందుకు? గా కట్టు తీసెయ్. ఒక్కపారి చూపియ్. షెడ్డు పని రేపే మొదలువెడుత.”

“ఇంజను కరుగుతది సార్.”

“కరిగితె కరగనీ! నేను కొనిస్త ఇంకోటి.”

అద్దంలో మా అల్లుడి కళ్ళు నన్ను వెతికాయి. కొలిచి చెప్పవలసింది ముందే చెప్పాను. తొక్కే కాలు వాడిది. వాడు బండిని పక్కకు తీసి ఆపి, తాళం తిప్పేశాడు. “కాదు సార్. కరుగుతదని తెలిసి నేను తొక్క.”

“అయితె నీకు షెడ్డెందుకు? సైకిలు దుకాణం వెట్టుకో,” అని ఆయన దిగిపోయాడు. మరునాడు డ్రమ్ములు కూడా తీసుకుపోయాడు.

ఆ వారం తిరక్కుండా షార్జా గ్యారేజీ నుంచి పిలుపు వచ్చింది. తంగళ్ళపల్లి వాడి జాగా ఖాళీగా ఉంది, అంకెలు తెలిసినవాడు కావాలి, నువ్వే రా అన్నారు. గది అదే. మంచమూ అదే. మా అల్లుడు అన్నం ముందు కూర్చుని ఆ మాట నాకు చెప్పి, చెయ్యి కడుక్కున్నాడు. మరుసటి ఉదయం రానని వాళ్ళకు చెప్పేశాడు. నా పాత దుకాణంలోనే, అదే బెంచి మీద, పెట్రోలు బండ్ల పంపులు కొలిచే పనిలో చేరాడు. గెలిచామనే అనుకున్నాను. అలాగే రాసిపెట్టాను.

కొన్నాళ్ళకు గొల్లపల్లి నుంచి ఒకతను దుకాణానికి వచ్చాడు. ముప్పై దాటి ఉంటాయి, ఇస్త్రీ చొక్కా, మెడలో కొత్త బ్యాగు. కల్లు గీతగాళ్ళ కుటుంబమట, వృత్తి వదిలి మెకానిక్ పని నేర్చాడట. ఏజెంటు మా అల్లుడి పేరు చెప్పి పంపాడు.

“అన్నా, నువ్వు పోనన్న జాగకు నేను పోతున్న. గది ఎట్లుంటదో అడిగిపోదామని అచ్చిన.”

మా అల్లుడి చేతిలో పానా ఆగిపోయింది. “గది మంచిగనే ఉంటది,” అన్నాడు. పానా బెంచి మీద పెట్టి, “కిటికీ పక్కపొంటి ఒక మంచముంటది. గా మంచం తీస్కోకు,” అన్నాడు. వాడి బావ నిద్రలోంచి లేవని మంచం అది.

“ఎందుకన్నా, ఖరాబుగుంటదా?”

“ఖరాబు గాదు. ఏసీ గాలి సీద మీదికే కొడుతది.”

అతని మొహం వెలిగింది. “ఏసీ కిందనా! గట్లయితె గా మంచమే పట్టాలె అన్నా. మిగిలినోళ్ళు అచ్చేలోపే బ్యాగు వేస్త.”

టీ తాగి, మా ఇద్దరికీ దండం పెట్టి, జగిత్యాల బస్సు కోసం ఉత్సాహంగా రోడ్డు దాటాడు. మా అల్లుడు పిలవబోయి ఆగాడు. అతని పేరు మేమిద్దరమూ అడగలేదు.